ఒంటితో చేసే సాధన, కెమెరా ముందు: చైనా వీడియో కళను చూసే పద్ధతి

30 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న ఒక అద్దం. దాన్ని పడేసి పగలగొట్టడం, ముక్కలన్నీ ఏరి జిగురుతో అతికించడం, అతికిన అద్దాన్ని మళ్లీ పగలగొట్టడం. హాంగ్‌జౌ కళాకారుడు జాంగ్ పెయ్‌లీ 1988లో చేతులకు రబ్బరు గ్లవుజులు వేసుకుని ఈ పని చేస్తూ వీహెచ్‌ఎస్ టేపు మీద రికార్డు చేశారు. కెమెరా కదలదు. పేరు కూడా కొలతే: '30 x 30'. చైనాలో మొట్టమొదటి వీడియో కళాకృతిగా చరిత్రకారులు లెక్కేసేది దీన్నే. నిడివిని కథ నిర్ణయించలేదు, టేపు నిర్ణయించింది: అప్పట్లో బజార్లో దొరికే ఒక క్యాసెట్‌లో పట్టేది 180 నిమిషాలు.

అదే ఏడాది హువాంగ్‌షాన్‌లో జరిగిన ఆధునిక కళాకారుల సమావేశంలో దీన్ని ప్రదర్శించారు. చూస్తున్నది దారినపోయే జనం కారు, కొత్త కళ కోసం తపించే చిత్రకారులు, విమర్శకులు. కాసేపటికే వాళ్లు ఓపిక పట్టలేకపోయారు, టేపును ఫాస్ట్ ఫార్వర్డ్ చెయ్యాల్సి వచ్చింది. కానీ జాంగ్ పెయ్‌లీకి కావలసింది ఆ విసుగే. విసుగు దాటాక కన్ను వేరేగా పనిచేస్తుంది. ప్రతి విడతకూ ముక్కల సంఖ్య పెరుగుతుంది, సైజు తగ్గుతుంది, వెతికి జత కలపడానికి పట్టే సమయం ఎక్కువవుతుంది, జిగురు గీతలు అద్దమంతా అల్లుకుంటాయి. అందులో కనిపించే బొమ్మ ఒకటి కాస్తా పదవుతుంది, వందవుతుంది. ఫాస్ట్ ఫార్వర్డ్ చేస్తే జరిగిన సంగతి తెలుస్తుంది, జరగడానికి పట్టిన ఓర్పు తెలియదు. జపమాలలో ఎనిమిది పూసలు తిప్పి మిగతా వంద తిప్పినట్టే అనుకోవడం లాంటిది అది.

చైనా వీడియో కళలో ఆధ్యాత్మికత గురించి నేను నమ్మేది ఇదే. దాన్ని బుద్ధుడి బొమ్మల్లో, ధూపం పొగల్లో వెతికితే దొరికేది తక్కువ. ఒక ఒళ్లు ఒకే పనిని ఎంతసేపు చేసింది, అందుకు ఏం చెల్లించింది, దాన్ని కెమెరా ఎంత కత్తిరించకుండా మనదాకా తెచ్చింది: ఈ మూడూ చూస్తే విషయం చాలావరకు తెలిసిపోతుంది. అలా చూడ్డానికి సాంకేతిక వివరాలు తెలియాలి. చాలామంది వ్యాసకర్తలు వాటిని వదిలేస్తారు, నాకు అసలు సంగతి అక్కడే కనిపిస్తుంది.

జాంగ్ పెయ్‌లీ 1991లో చేసిన 'హైజీన్ పత్రం, నంబర్ 3' చూడండి. ఒక మనిషి, ఒక బేసిన్, సబ్బు, నీళ్లు, బతికున్న కోడి. కోడికి స్నానం చేయిస్తూనే ఉంటారు, పాతిక నిమిషాల పాటు. 1988 మొదట్లో షాంఘైలో హెపటైటిస్-ఏ సుమారు 3 లక్షల మందికి సోకింది. చేతులు కడుక్కోండి, పరిసరాలు శుభ్రంగా ఉంచుకోండి అని ఊరూరా ప్రచారాలు నడిచాయి. ఆయన ఆ ఏళ్లలో చేసిన పనుల్లో గ్లవుజులు పదేపదే కనిపించడాన్ని ఆ వాతావరణంతో కలిపి చూడొచ్చు. కోడికి సబ్బు ఎందుకు ప్రమాదమో కోళ్లు పెంచేవాళ్లను అడిగితే చెప్తారు: ఈకల మీద ఉండే నూనె పొర పోతే నీళ్లు లోపలికి దిగుతాయి, ఒళ్లు చల్లబడుతుంది. మొదట కొట్టుకున్న కోడి తర్వాత మెత్తబడి చేతుల్లో ఒదిగిపోతుంది. అది శాంతా, లొంగుబాటా? శుద్ధి పేరుతో జరిగే ప్రతి క్రతువునూ అడగాల్సిన ప్రశ్న అది. ఆ వీడియోలో ఒక్క మాట లేకుండా ఆ ప్రశ్న వేశారాయన.

సాంగ్ డాంగ్ దారి మెత్తనిది. బీజింగ్ మనిషి, 1966లో పుట్టారు. చిన్నప్పుడు కాగితం, సిరా దండగ కాకుండా రాతి పలక మీద నీళ్లతో అక్షరాలు దిద్దుకోమని నాన్న నేర్పారట. 1995 నుంచి ఆయన ఒక రాయి మీద నీళ్లతో డైరీ రాస్తున్నారు. రాసింది ఆరిపోతుంది, రాయి ఖాళీ. 1996లో టిబెట్ వెళ్లి లాసా నదిలో కూర్చుని, 'నీరు' అన్న అక్షరం చెక్కిన పెద్ద కొయ్య ముద్రను గంటసేపు నీటి మీద కొట్టారు. 36 ఫోటోల వరుసగా ఆ పని మిగిలింది. నీటి మీద ముద్ర ఒక్కటీ నిలవలేదు.

అదే ఏడాది డిసెంబర్ 31 రాత్రి, బీజింగ్ నడిబొడ్డున, 1989లో విద్యార్థుల ఉద్యమాన్ని సైన్యం అణిచేసిన తియానన్మెన్ స్క్వేర్. మైనస్ 9 డిగ్రీల చలి. సాంగ్ డాంగ్ బోర్లా పడుకుని, రాతి నేలకు నోరు దగ్గరగా పెట్టి 40 నిమిషాలు ఊపిరి వదిలారు. ముఖం కింద సన్నని మంచు పొర కట్టింది. లెక్క వేసి చూడండి. నిమిషానికి 15 శ్వాసలంటే 40 నిమిషాలకు 600. ఒక్కో శ్వాసకు అర లీటరు గాలి చొప్పున 300 లీటర్లు. మనం వదిలే గాలిలో ఘనపు మీటరుకు రమారమి 35 గ్రాముల తేమ ఉంటుంది. అంటే ఆ మొత్తం శ్వాసలోని నీరు పది గ్రాములు, రెండు టీస్పూన్లు. అందులోనూ కొంత గాలికి పోతుంది. లక్షల మంది పట్టే ఆ మైదానంలో ఒక మనిషి శ్వాస మిగిల్చిన గుర్తు అంత. ఆ తర్వాత హౌహాయ్ సరస్సు గడ్డకట్టిన మంచు మీద పడుకుని అదే చేస్తే ఏ మార్పూ రాలేదు, ఎందుకంటే అక్కడ ముందే ఉన్నది మంచు. ఈ రెండింటినీ పక్కపక్కనే పెట్టి చూడాలి. మొదటిదాన్నే చూపించి 'ప్రతిఘటన' అని పేరు పెట్టి వదిలేస్తే సగం పనే చూసినట్టు.

వీడియోగా ఆయన చేసిన వాటిలో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది 1997 నాటి 'నాన్నను తాకడం'. మావో కాలపు సాంస్కృతిక విప్లవం నలిపేసిన తరం తండ్రిది. పెద్దయ్యాక తండ్రీకొడుకుల మధ్య ఒకరినొకరు ముట్టుకునే అలవాటే లేదు. సాంగ్ డాంగ్ తన చేతిని వీడియో తీసి, ఆ చేతి బొమ్మను ప్రొజెక్టర్‌తో తండ్రి ఒంటి మీద వేశారు. వెలుగు చెయ్యి గుండె మీద నిమురుతుంటే, తండ్రి పైకోటు విప్పారు, తర్వాత చొక్కా, తర్వాత బనియన్.

ఇలాంటి పని చెయ్యాలంటే ఏం కుదరాలో కాస్త వివరంగా చూద్దాం. చేతిని నల్లటి నేపథ్యం ముందు తియ్యాలి. ప్రొజెక్టర్‌కు నలుపంటే వెలుగు లేకపోవడం, కాబట్టి సిద్ధాంతం ప్రకారం చెయ్యి మాత్రమే ఒంటి మీద పడుతుంది. వాస్తవంలో ఏ ప్రొజెక్టరూ పూర్తి నలుపు ఇవ్వదు, చెయ్యి చుట్టూ మసక బూడిదరంగు దీర్ఘచతురస్రం కనిపిస్తుంది. గదిలో చిన్న దీపం వేస్తే ఆ దీర్ఘచతురస్రం కరిగిపోతుంది, మరీ ఎక్కువ వేస్తే చెయ్యి కూడా పోతుంది. తర్వాత సైజు. చెయ్యి అచ్చం చెయ్యంతే ఉండాలి, పెద్దదైతే భయంగా ఉంటుంది, చిన్నదైతే బొమ్మలా ఉంటుంది. ప్రొజెక్టర్ బొమ్మ ఛాతీ దగ్గర 90 సెంటీమీటర్ల వెడల్పు పడుతుంటే, 18 సెంటీమీటర్ల చెయ్యి ఫ్రేములో అయిదో వంతు ఉండాలి. ఆనాటి పాల్ (PAL, చైనాలో వాడిన టీవీ ప్రమాణం) వీడియోలో అడ్డంగా ఉండేవి మహా అయితే 720 పిక్సెళ్లే, అంటే చేతికి దక్కేవి 144. అరచేతి గీతల లాంటి సన్నని వివరాలు సరిగ్గా కనపడని పరిస్థితి. ఎదుటి మనిషి ముందుకో వెనక్కో పది సెంటీమీటర్లు కదిలితే ఫోకసూ సైజూ రెండూ మారతాయి. దీన్నంతా మళ్లీ రికార్డు చేసే రెండో కెమెరాకు ఎక్స్‌పోజర్ మాన్యువల్‌లో పెట్టకపోతే, చెయ్యి కదిలినప్పుడల్లా బొమ్మ వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఊగుతుంది.

ఇక వెలుగు పడే చోటు. తెల్ల బనియన్ వెలుగును బాగా తిప్పికొడుతుంది, మనిషి చర్మం అంత కొట్టదు. బట్ట తీసేకొద్దీ చెయ్యి ఒంటికి దగ్గరవుతుంది, అదే సమయంలో మసకబారుతుంది. దగ్గరితనానికి వెలుగు రూపంలో వెల కట్టే ఈ పని ముందు ఎంత పెద్ద మాటైనా వెలవెలబోతుంది. సాంగ్ డాంగ్ తండ్రి 2002లో పోయారు.

షాంఘై కళాకారుడు షు జెన్ 1998లో తీసిన 'ఇంద్రధనుస్సు' నాలుగు నిమిషాలు కూడా ఉండదు. ఇటలీలో రెండేళ్లకోసారి జరిగే అంతర్జాతీయ కళా ప్రదర్శన వెనిస్ బియెనాలేలో, 2001లో దాన్ని చూపించారు. తెర నిండా ఒక నగ్నమైన వీపు. ఫట్ ఫట్ మని చరుపుల చప్పుడు. చర్మం గులాబీ రంగు తిరిగి ఎర్రబారుతుంది, వాతలు తేలతాయి. కొడుతున్న చెయ్యి మాత్రం ఎక్కడా కనపడదు.

పాల్ వీడియో సెకనుకు 25 ఫ్రేములు, ఒక్కోటి 40 మిల్లీ సెకన్లు. చెయ్యి ఫ్రేములోకి వచ్చి కొట్టి వెళ్లడానికి సెకనులో మూడో వంతు అనుకుంటే ఎనిమిది ఫ్రేములు. వాటిని తీసేసి చప్పుడును ఉంచాలంటే బొమ్మనూ శబ్దాన్నీ విడదీసి, శబ్దం ట్రాకును ఆ కోతకు అటూఇటూ జరిపి కూర్చాలి. ప్రతి దెబ్బకూ ఇదే పని. ఇక్కడ శరీరం ఒక సాయం చేస్తుంది: దెబ్బ పడగానే చర్మం ఎర్రబడదు. నెత్తురు పక్కకు నెట్టుకుపోయి ముందు పాలిపోతుంది, కొన్ని సెకన్లకు ఎరుపు వస్తుంది, పొంగిన వాత తేలడానికి నిమిషం పైనే పడుతుంది. అందువల్ల కోత దగ్గర రంగు పెద్దగా ఎగరదు. ఎగిరేది వీపే, ఒక చిన్న ఉలికిపాటు. చెయ్యి ఉందనడానికి మిగిలిన సాక్ష్యం అదొక్కటే.

అందుకే ఈ వీడియోను ఇప్పటి టీవీలో పెట్టేటప్పుడు మోషన్ స్మూతింగ్ ఆపెయ్యడం తప్పనిసరి. ఆ సౌకర్యం పక్కపక్క ఫ్రేముల మధ్య లేని ఫ్రేములు పుట్టిస్తుంది. ఉలికిపాటును చదును చేసి, వీపు గాల్లో తేలినట్టు చేస్తుంది. ఒక్కో కంపెనీ దానికి ఒక్కో పేరు పెడుతుంది, పిక్చర్ సెట్టింగుల్లో వెతకాలి. పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా ఆడిస్తే చాలా టీవీల్లో లూప్ తిరిగిన ప్రతిసారీ ఫైలు పేరు తెర మూల ప్రత్యక్షమవుతుంది, ఇంత శ్రమా ఆ ఒక్క పట్టీతో పాడవుతుంది. దీనికి విడిగా మీడియా ప్లేయర్ వాడాలి. మొదలు పాలిపోయిన వీపు, చివర ఎర్రటి వీపు కాబట్టి, లూప్ మధ్య నలుపు లేకుండా అతికిస్తే దెబ్బలన్నీ క్షణంలో మానిపోయినట్టు ఉంటుంది. కళాకారుడి సూచనల్లో ఖాళీ ఉంటే ఆ ఖాళీని అలాగే ఉంచాలి.

బీజింగ్ కళాకారిణి మా చియుషా ('మా' ఆమె ఇంటిపేరు) 2007లో చేసిన వీడియో ఎనిమిది నిమిషాల లోపే. పేరు రెండు ఇంటి చిరునామాలు. ఒకదాన్నుంచి ఇంకోదానికి, అంటే తన బాల్యం మొత్తం. ఆమె కెమెరా వంక చూస్తూ చెప్పుకుపోతుంటారు: అమ్మ పెట్టుకున్న ఆశలు, డ్రాయింగ్ క్లాసులు, ఒక్కగానొక్క బిడ్డ మోసే బరువు. మాట నత్తినత్తిగా వస్తుంటుంది, ఆగుతుంటుంది. చివర్లో నోట్లోంచి బ్లేడు బయటికి తీస్తారు, నెత్తురుతో. అప్పుడు ముందు విన్న ప్రతి అక్షరం అర్థం మారిపోతుంది. మనలాంటి ప్రేక్షకులకు ఇక్కడొక చిక్కుంది: చైనీస్ రాదు కాబట్టి కళ్లు సబ్‌టైటిళ్ల మీదే ఉంటాయి, నోటి మీద ఉండవు. వీలైతే తొలిసారి సబ్‌టైటిళ్లు తీసేసి చూడండి. నాలుక ఎటు తప్పుకుంటోందో, పెదవి ఏ ధ్వని దగ్గర బిగుస్తోందో గమనించండి. రెండోసారి అర్థం కోసం చూడొచ్చు.

యాంగ్ జెన్‌జోంగ్ 'నేను చనిపోతాను' గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 2000 నుంచి కొన్నేళ్లు దేశదేశాల్లో మనుషుల చేత కెమెరా ముందు ఆ ఒక్క వాక్యం చెప్పించారు. కొందరు నవ్వుతూ అంటారు, కొందరు అన్నాక ముఖం పక్కకు తిప్పుకుంటారు. బౌద్ధంలో మరణస్మృతి అనే ధ్యానం ఉంది, చావును రోజూ తలుచుకోవడం. ఇది దానికి వీధి రూపం. కాన్ షువాన్ 1999లో సబ్‌వే దారిలో జనంలో పరుగెత్తుతూ తన పేరు తనే పిలుచుకుని 'ఆఁ' అని తనే బదులిచ్చే చిన్న వీడియో కూడా ఈ కోవదే. పిలిచేదెవరు, పలికేదెవరు అన్న ప్రశ్నకు అంత తక్కువ ఖర్చుతో రూపం ఇచ్చిన పని నాకు మరొకటి తెలియదు.

ఇక లు యాంగ్. 1984లో షాంఘైలో పుట్టారు. హాంగ్‌జౌలోని చైనా అకాడమీ ఆఫ్ ఆర్ట్‌లో జాంగ్ పెయ్‌లీ దగ్గరే చదువుకున్నారు. గురువు అద్దం ముక్కలు ఏరితే, ఈ తరం ఒంటినే మొత్తంగా కంప్యూటర్లో మళ్లీ కట్టింది. 2011లో టిబెటన్ బౌద్ధంలోని ఉగ్రదేవత యమాంతకుణ్ని మెదడులో కోపం పుట్టే యంత్రాంగంతో కలిపి వీడియో చేశారు. 2015 నాటి 'డెల్యూషనల్ మండల'లో తన శరీరాన్నే ఆడా మగా కాని డిజిటల్ బొమ్మగా మార్చి, తలకు శస్త్రచికిత్స ఫ్రేము బిగించి, మెదడుకు విద్యుత్ ఉత్తేజం ఇచ్చి, నాట్యం చేయించి, చంపి, శవవాహనం ఎక్కించారు. దైవానుభవం మెదడులో ఒక చోట కరెంటు పెడితే వచ్చేదే అయితే సాధన ఎందుకు? ఆ ప్రశ్నను సైన్సు వైపు నుంచీ మతగ్రంథాల వైపు నుంచీ ఒకేసారి అడిగారు. 2020లో మొదలైన 'డోకు' వరుసలో అదే ముఖం దేవ, అసుర, మనుష్య, పశు, ప్రేత, నరక లోకాలు ఆరింటిలో తిరుగుతుంది. ఒంటరిగా పుట్టి ఒంటరిగా పోతాం అన్న బౌద్ధ సూత్ర వాక్యం నుంచి ఆ పేరు వచ్చింది. ఈ వరుసలోని వీడియో 2022లో వెనిస్ బియెనాలేలో ఆడింది.

ఇవి చూసి 'గేమ్‌లా ఉందే' అని తీసిపారేసేవాళ్లు ఆ కదలికలు ఎక్కడివో ఆలోచించాలి. లు యాంగ్ బాలి నాట్యకారుల వంటి వారి కదలికలను మోషన్ క్యాప్చర్‌తో పట్టి డిజిటల్ ఒంటికి ఎక్కిస్తారు. హైదరాబాద్‌లో వీఎఫ్‌ఎక్స్ పని చేసేవాళ్లకు ఈ తంటా తెలుసు. ఒంటి నిండా నలభై, యాభై మెరిసే బంతులు అంటించి చుట్టూ కెమెరాలు పెడతారు. నడక, గెంతు హాయిగా వస్తాయి. హస్తముద్ర రాదు. వేళ్లు ఒకదాన్నొకటి తాకిన చోట బంతులు ఒకదాని వెనక ఒకటి దాక్కుంటాయి, లేదా రెండు బంతులు ఒకటిగా కలిసిపోతాయి, అప్పుడు చూపుడువేలు మధ్యవేలిలోంచి మొలుస్తుంది. సెన్సర్ గ్లవుజులు వేస్తే దాగుడు సమస్య పోతుంది, కానీ వాటిలో అయస్కాంత దిక్సూచి ఉన్నవి ఇనుము దగ్గరికొస్తే దారి తప్పుతాయి. కూచిపూడి నర్తకిని ఇలా పట్టాలనుకుంటే గజ్జెలే తంటా: మెరిసే ప్రతి మువ్వా కెమెరాకు ఇంకో బంతిలా కనిపిస్తుంది. గుడ్డ చుట్టాలి, చుడితే చప్పుడు పోతుంది, తాళం విడిగా రికార్డు చెయ్యాలి.

అసలు చిక్కు తర్వాత ఉంది. నర్తకి ఒంటి కొలతలు వేరు, డిజిటల్ బొమ్మ కొలతలు వేరు. బొమ్మ భుజాలు ఒక్కో వైపు మూడు సెంటీమీటర్లు వెడల్పు ఎక్కువైతే చాలు, నమస్కారంలో అరచేతుల మధ్య ఆరు సెంటీమీటర్ల దాకా ఖాళీ మిగులుతుంది. భుజాలు సన్నగా ఉంటే చేతులు ఒకదాంట్లో ఒకటి దూరిపోతాయి. అంజలి అంజలిగా కనపడాలంటే ఆ క్షణాల్లో అరచేతుల్ని ఒకదానికొకటి కట్టేసి, మోచేతులు దాన్నిబట్టి వంగేలా ఒక్కో షాటుకు చేత్తో సరిదిద్దాలి. పాదం నేల మీద జారకుండా కూడా ఇదే మందు. బాలి నాట్యంలో ప్రాణమైన కంటి చూపు, చటుక్కున పక్కకు తిరిగే ఆ గుడ్లు, ఒంటి బంతులకు అసలు అందవు. ముఖానికి విడిగా కెమెరా కట్టాలి.

కాబట్టి ఆ డిజిటల్ ఒంటికి నొప్పి లేదన్నది నిజమే, నర్తకి మోకాలికి మాత్రం ఉంది. లు యాంగ్ పనిలో నన్ను కట్టిపడేసేది ఈ అంతరమే. ఒక మనిషి ఒక్కసారి చేసిన అడుగు ఆరు లోకాల్లో ఎన్నిసార్లైనా తిరుగుతుంది, కర్మఫలంలాగే. నచ్చనిది కూడా చెప్పాలి: సంగీతం హోరు చాలాచోట్ల ఆలోచనను మింగేస్తుంది, దృశ్యాల వేగం కొన్నిసార్లు కంటికి ఊపిరాడనివ్వదు. గురువుగారి మూడు గంటల నిదానం ఇందులో ఒక్క నిమిషం ఉన్నా బాగుండేది.

ఈ తాత్విక భూమి మనకు కొత్తదేం కాదు. కృష్ణాతీరంలోని నాగార్జునకొండతో సంప్రదాయం ముడిపెట్టే బౌద్ధ తత్వవేత్త నాగార్జునుడి మధ్యమక కారికలను, బౌద్ధ భిక్షువు కుమారజీవుడు అయిదో శతాబ్దం తొలినాళ్లలో చాంగాన్‌లో (నేటి షియాన్ నగరం) చైనీస్‌లోకి తెచ్చాడు. శూన్యత, అంటే దేనికీ తనదంటూ స్వతంత్రమైన ఉనికి లేదన్న వాదన, మీద అక్కడి ఆలోచనకు అది పునాదుల్లో ఒకటి. పగిలిన అద్దంలో బొమ్మ ఎవరిదని అడిగేటప్పుడు ఆ వాదన తెలిసినవాళ్లకు దారి కాస్త సులువు.

ఇంట్లో చూసేవాళ్లకు కొన్ని మాటలు. 1990ల వీడియోలు 4:3 కొలతవి, టీవీ వాటిని అడ్డంగా సాగదీస్తే షు జెన్ వీపు మూడోవంతు లావెక్కుతుంది. 'ఒరిజినల్' సైజు ఎంచుకుని పక్కన నల్ల పట్టీలు ఉండనివ్వండి. పాత టేపుల్లో ఒక్కో ఫ్రేమూ రెండు సగాలుగా, సెకనుకు 50 సగాలుగా ఉంటుంది. దాన్ని సరిగా విడదియ్యకుండా ఎక్కించిన కాపీల్లో చెయ్యి కదిలినప్పుడు అంచుల వెంట దువ్వెన పళ్లలా గీతలు వస్తాయి. అది కళ కాదు, మార్పిడిలో తప్పు. వీఎల్‌సీలో డీఇంటర్‌లేస్ ఆన్ చేసి 'బాబ్' పద్ధతి ఎంచుకుంటే కదలిక నునుపుగా వస్తుంది. లు యాంగ్ తన వీడియోలు చాలావరకు తనే ఆన్‌లైన్‌లో పెడతారు, వాటిని ఫోన్ స్పీకర్‌లో వినకండి. కింది స్థాయి ధ్వనులు పూర్తిగా పోయి, అడుగు నేలకు తగిలిన బరువే తెలియదు. '30 x 30' పేరుతో దొరికే రెండు మూడు నిమిషాల ముక్కలు పరిచయానికి సరే. పూర్తి నిడివి కావాలంటే ఏదైనా మ్యూజియం దాన్ని ప్రదర్శించే రోజు కోసం కనిపెట్టుకుని ఉండాలి, వెళ్లిన రోజున కుర్చీ ఉందో లేదో చూసుకుని కూర్చోవాలి.